కొంగగారి క్వారంటైన్

గోర్నా రేకా
20 మార్చి 2020, శుక్రవారం

పురపాలక సంఘం అత్యవసర విభాగం వారికి,

విశ్రాంత భూగోళం టీచరు రుసానా ద్రాగోయెవా, వయసు డెబ్బై తొమ్మిది, ప్రస్తుతానికి మర్యాదగానే నమస్కరించి రాయునది.

నాకు ఒక్క గంట కావాలి. వంతెన దాటి దోల్ని మోస్త్ పల్లెకు వెళ్తాను, మూతపడిన పాలకేంద్రం పక్కనున్న కరెంటు స్తంభం కింద నిలబడతాను, పైకి చూస్తాను, వచ్చేస్తాను. ఎవరితోనూ మాట్లాడను. ఈ జిల్లాలో మాట్లాడదగినవాళ్ళు ఎటూ తక్కువే.

ఈ పొద్దున వెళ్ళబోతే వంతెన మీద పోలీసులు. మీసం ఇంకా తేల్చుకోని ఒక కుర్రాడు అడ్డం నిలబడ్డాడు.

"బామ్మా, కారణం రాసిన కాగితమేదీ?"

"కొంగ వచ్చిందేమో చూసి రావాలి నాయనా."

"కొంగ కారణం కాదు బామ్మా. ఇంటికి పద."

అదీ కారణమేనని మీకు రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను. 1963లో, ఉద్యోగంలో చేరిన మొదటి వసంతంలో, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఆ ఏడాది మొదటి కొంగ ఏ రోజున ఆ స్తంభం మీది గూటిలో దిగిందో ఒక నోటు పుస్తకంలో రాశాను. అప్పటినుంచి ఏటా రాస్తున్నాను. నా కళ్ళతో చూడాలి, లేదా ఇద్దరు సాక్షులు చూసి సంతకం పెట్టాలి, అదీ నియమం. పల్లెలో మిగిలిన ఏడుగురి మాట పనికిరాదు. అందులో ఒకాయన కొంగని క్రిస్మస్ నాడే చూశానంటాడు. కూతురు పుట్టిన ఏడు మా ఆయన నన్ను ట్రాక్టరు మీద తీసుకెళ్ళాడు. పెట్రోలు దొరకని ఏడు నడిచి వెళ్ళాను. యాభై ఏడు వసంతాలు, యాభై ఏడు తేదీలు, మధ్యలో ఒక్క ఖాళీ లేదు.

ఇప్పుడెందుకింత తొందర అంటారా? మీరు తయారుచేసిన పర్యావరణ ప్రణాళిక ముసాయిదా పన్నెండో పేజీలో ఇలా ఉంది: "మన ప్రాంతపు ఋతువుల్లో గమనించదగిన మార్పు ఏదీ నమోదు కాలేదు. చర్యలు అవసరం లేదు." ఏప్రిల్ 30న దీని మీద పురపాలక సభ ఓటు వేస్తుంది. ఓటు పడితే ఆ వాక్యం పదేళ్ళు బతుకుతుంది. నేను బతకను. నా పుస్తకంలో మొదటి పదేళ్ళ సగటు తేదీ ఏప్రిల్ 7. చివరి పదేళ్ళ సగటు మార్చి 25. పదకొండేళ్ళుగా ఈ లెక్క మీకు పంపుతూనే ఉన్నాను. పదకొండు జవాబులొచ్చాయి. పదకొండింట్లోనూ "పరిశీలనలో ఉంది" అన్న ఒకే వాక్యం, కింద ల్యూబెన్ తోంచెవ్ అన్న ఒకే సంతకం. ఆ అబ్బాయికి నాలుగేళ్ళు పాఠం చెప్పినదాన్ని కనుక ఆ చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడతాను.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఈ వారం రోజులూ కిటికీ దగ్గర నోరు తెరుచుకుని నిలబడిపోయాను. సోమవారం బడి టీవీలోకి వెళ్ళిపోయింది. మంగళవారం సంత మైదానానికి మారింది. బుధవారం రొట్టెల దుకాణం ముందు సుద్దగీతలు గీశారు, మన జనం, బస్సెక్కడానికి కూడా వరసలో నిలబడని మన జనం, గీత దాటకుండా నిలబడ్డారు! బడి ముందు రోడ్డు దాటడానికి నాలుగు తెల్ల పట్టీలు వేయమని మిమ్మల్ని తొమ్మిదేళ్ళు అడిగాను. అంటే మీకు చేతకాక కాదన్నమాట.

జవాబు కోసం ఎదురుచూస్తూ,
రుసానా ద్రాగోయెవా

తా.క. మార్చి ఒకటిన మన ఆచారం ప్రకారం మణికట్టుకి కట్టుకున్న ఎర్ర తెల్ల దారం ఇంకా అలాగే ఉంది. కొంగని చూసేదాకా విప్పకూడదు. పూసిన చెట్టుని చూసినా విప్పచ్చంటారు. అది సోమరుల కోసం పెట్టిన వెసులుబాటు.

*

పురపాలక సంఘం, గోర్నా రేకా
23 మార్చి 2020

గౌరవనీయులైన ద్రాగోయెవా టీచరు గారికి,

తమరి దరఖాస్తు నెంబరు 212గా నమోదైనదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. ఊరు దాటుటకు అనుమతించబడిన కారణములు నాలుగు: ఉద్యోగము, మందులు, స్వగృహమునకు తిరిగి వచ్చుట, బంధువు. కొంగ ఈ జాబితాలో లేదు. జాబితాను పెంచు అధికారము నాకు లేదు. ఉన్నవాటిలో మీ కారణమునకు దగ్గరగా ఉన్నది "బంధువు" కనుక అందులో టిక్కు పెట్టితిని.

కావున సదరు బంధువు పేరు, వయసు, ఏ దేశమునుండి ఏ దారిన వచ్చుచున్నారు, వెంట ఎందరున్నారు, దగ్గు ఉన్నదా మొదలగు వివరములు వెంటనే పంపగలరు. ఒక్క గడి కూడా ఖాళీగా వదలరాదు.

ఇట్లు,
ల్యూబెన్ తోంచెవ్
అత్యవసర పత్రముల విభాగము

తా.క. నిబంధనల ప్రకారం తమరి ఉత్తరాన్ని ఇరవై నాలుగు గంటలు కిటికీలో ఆరబెట్టాము. గాలికి మొదటి పేజీ ఎగిరి మేయరు గారి కారు అద్దం మీద అతుక్కుంది. ఆయన పూర్తిగా చదివారు. "మాట్లాడదగినవాళ్ళు తక్కువే" అన్నచోట ఎర్ర సిరాతో గీత పడింది.

*

24 మార్చి, మంగళవారం

ల్యూబెన్,

"గౌరవనీయులు" అని మొదలుపెడదామని కలం ఎత్తాను. అది ముందుకు నడవలేదు.

కొంగ నాకు బంధువు కాదు. మా బంధువుల్లో ఏటా చెప్పిన సమయానికి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఖాళీ వదలద్దన్నావు కనుక, తప్పుడు జవాబు రాయడం నాకు చేతకాదు కనుక, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పేరు: హాజీ. దక్షిణాన పుణ్యక్షేత్రాల మీదుగా వస్తాడని ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు, నీకూ తెలుసు. వయసు: తొమ్మిదేళ్ళని అంచనా, అంతకుముందు ఆ గూటికి వచ్చినవాళ్ళూ హాజీలే. ఎక్కడినుంచి: ఆఫ్రికా. దారి: నైలు నది, జెరూసలేం, బాస్ఫరస్. వెంట: కొన్ని వేలమంది. మాస్కు: లేదు. దగ్గు: లేదు, కానీ ముక్కు టకటకలాడిస్తాడు, దాన్ని లక్షణాల కింద రాసేవు సుమా. వృత్తి: కప్పలు పట్టడం. చిరునామా: పాలకేంద్రం స్తంభం, పై అంతస్తు.

ఇప్పుడు అసలు సంగతి. రోజూ పొద్దున టీవీలో రోగుల అంకెలు చదువుతున్నారు కదా, నిన్న నేను గ్రాఫు కాగితం తీసి రోజుకో చుక్క పెట్టాను. పక్కనే ఇంకో కాగితం మీద నా కొంగ ఎన్ని రోజులు ముందొచ్చిందో ఏడాదికో చుక్క పెట్టాను. రెండూ కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూశాను. ఒకే చెయ్యి గీసినట్టున్నాయి. మొదట నేల మీద పాకుతూ, ఎవరూ పట్టించుకోనంత మెల్లగా, తరవాత తల ఎత్తుతూ. ఒకటి మూడు వారాల్లో ఎక్కింది. రెండోది యాభై ఏడేళ్ళలో ఎక్కుతోంది. మొదటిదానికి దేశమంతా తలుపులేసుకుంది. రెండోదానికి నువ్వు "పరిశీలనలో ఉంది" అని రాశావు. తేడా ప్రమాదంలో లేదు, వేగంలో ఉంది. మనిషి కన్ను పరుగెత్తేదాన్నే చూస్తుంది. నడిచి వచ్చేదాన్ని చుట్టమనుకుంటుంది.

అనుమతి కాగితం పంపు. హాజీ ఏ క్షణాన్నైనా దిగుతాడు.

రుసానా టీచర్

తా.క. నీ ఉత్తరాన్ని జాగ్రత్త కోసం ఇస్త్రీ చేశాను. పురపాలక ముద్ర మొత్తం ఇస్త్రీ బల్ల గుడ్డకి అంటుకుంది. ఇప్పుడు నా దుప్పట్లన్నీ అధికారికమైనవే.

*

పురపాలక సంఘం, గోర్నా రేకా
30 మార్చి 2020

గౌరవనీయులైన ద్రాగోయెవా టీచరు గారికి,

తమరు స్వహస్తములతో రాసి సంతకము చేసిన వివరముల ఆధారముగా, హాజీ అను వ్యక్తి విదేశము నుండి వేలమందితో, మాస్కు లేకుండా వచ్చుచున్నట్లు ఆరోగ్య తనిఖీ విభాగమునకు తెలియపరచితిమి. వారు సదరు వ్యక్తికి పద్నాలుగు రోజుల క్వారంటైన్ విధించిరి. స్తంభమునకు నోటీసు అంటించబడినది.

పోలీసుల దినచర్య నుండి: "26 మార్చి, ఉదయం 10.40. సదరు వ్యక్తి వంతెన తనిఖీ కేంద్రమును ఆగకుండా, ముప్పై మీటర్ల ఎత్తున దాటినాడు. ఈల వేసినాము. వినలేదు. వెంబడించి చూడగా చిరునామా యందు దిగినాడు. ఇద్దరమూ చూచినాము. సంతకములు: సార్జంటు దెలెవ్, కానిస్టేబుల్ క్రుమ్."

"27 మార్చి. ఇంటనే ఉన్నాడు. ఒంటికాలిపై నిలబడినాడు. సంతకము పెట్టుటకు నిరాకరించినాడు."

"28 మార్చి. ఇంట లేడు. ఇరవై నిమిషముల తరువాత పుల్లతో తిరిగి వచ్చినాడు. ఇంటి మరమ్మతు అని భావించి హెచ్చరించి వదిలినాము."

దగ్గరి బంధువైనందున తమరికి కూడా నేటి నుండి పద్నాలుగు రోజుల క్వారంటైన్. గడప దాటరాదు. అనుమతి దరఖాస్తు తిరస్కరించడమైనది.

మరియు నాలుగవ అనుబంధము జతచేయుచున్నాము: "సదరు వ్యక్తి గతములో వచ్చిన తేదీలు, తెలిసినంత వెనుకటి వరకు." దీనిని దగ్గరి వ్యక్తియే పూరించవలెను. ప్రతి తేదీ పక్కన సంతకము ఉండవలెను.

ఇట్లు,
ల్యూబెన్ తోంచెవ్

తా.క. స్తంభం చుట్టూ పదిహేను మీటర్ల వరకు ఎవరూ రాకూడదని ఉత్తర్వు. పల్లెలో కప్పలు చాలా ఆందోళనలో ఉన్నాయని క్రుమ్ చెప్పాడు.

*

2 ఏప్రిల్, గురువారం, గృహ నిర్బంధం నుండి

ల్యూబెనూ,

నాలుగేళ్ళు చదువు చెప్పింది నిన్ను గాడిద అనడానికి కాదని సర్దిచెప్పుకుని, రెండు కప్పుల లిండెన్ టీ తాగి, అప్పుడు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కొంగకి క్వారంటైన్! కొంగని చూడని నాకు క్వారంటైన్! పొద్దున తొమ్మిదింటికి ఆ వంతెన కుర్రాడు క్రుమ్ వస్తాడు. బాల్కనీ కింద నిలబడి వీధి వీధంతా వినబడేలా అరుస్తాడు.

"బామ్మా! ఇంట్లోనే ఉన్నావా?"

"లేనురా, నైరోబీ వెళ్ళాను!"

"అలా అనకు బామ్మా, రాసుకోవాల్సి వస్తుంది."

"రాసుకో. అక్కడ ఎండగా ఉందని కూడా రాసుకో."

ఎదురింటి పెన్కా కిటికీలోంచి తల బయటికి పెట్టి, "రుసానా, మీ ఇంటికి ఆఫ్రికా నుంచి ఎవరో మగమనిషి వచ్చాడటగా, ఈ వయసులో?" అంది. ఊళ్ళో నా పరువుకి ఇక రోజులు దగ్గరపడినట్టున్నాయి.

కానీ ఆ దినచర్య కాగితం నాలుగుసార్లు చదివాను. ఇద్దరు సాక్షులు, రెండు సంతకాలు, తేదీ, గంట, నిమిషం. యాభై ఏడేళ్ళలో నేను నిమిషం ఎప్పుడూ రాయలేదు. నా నియమం ప్రకారం అది చెల్లుతుంది. యాభై ఎనిమిదో తేదీ రాసుకున్నాను: మార్చి 26. మణికట్టు దారం మాత్రం విప్పలేదు. అది సాక్షుల కళ్ళతో విప్పేది కాదు.

నీ నాలుగో అనుబంధం నింపాను. నింపకుండా వదిలేద్దామనుకున్నాను. కానీ ఖాళీ గడిని చూస్తే నా చెయ్యి ఊరుకోదు, అది వృత్తి రోగం. మూడు సాయంత్రాలు పట్టింది. 1963, ఏప్రిల్ 9. 1964, ఏప్రిల్ 6. 1987లో మంచు తుఫాను, ఏప్రిల్ 11, ఆ ఏడు గీత కిందికి పడింది, దాచలేదు. ప్రతి తేదీ పక్కన సంతకం చేస్తూ పోయాను. ముప్పయ్యో సంతకం దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఈ పక్షికి కాలెండరు లేదు, టీవీ లేదు, మన సభ లేదు. గడ్డి మొలిచిందో లేదో, కప్ప లేచిందో లేదో అంతే దానికి తెలిసింది. అది పదివేల కిలోమీటర్లు ఎగిరొచ్చి ఏటా నా పుస్తకంలో ఒక్క మాట చెప్పి వెళ్తోంది. ఒక మనిషికి తెలియనిది ఇంత నమ్మకంగా ఇంకెవరు చెప్తారు?

ఇంకో సంగతి. నిన్న వంటింటి కిటికీలోంచి పర్వతం మొత్తం కనబడింది, శిఖరం మీది పాత గొర్రెల దొడ్డితో సహా. లారీలు లేవు కదా. పెన్కా చేతులు జోడించింది, "చూశావా, మనం కదలకపోతే భూమి దానంతటదే బాగుపడుతోంది" అంది. పిచ్చిమాట. సాయంత్రానికి ఊళ్ళో జనమంతా ఇళ్ళలోనే ఉన్నారు కనుక బొగ్గు పొయ్యిలన్నీ రాజుకుని, పర్వతం మళ్ళీ మాయమైంది. దేశదేశాలు తలుపులేసుకుని కూర్చున్నా నా థర్మామీటరు ఒక్క గీత కూడా దిగలేదు. మంచివాళ్ళలా ఇంట్లో కూర్చుంటే తగ్గే జ్వరం కాదిది. పొయ్యి మార్చాలి, బడి బాయిలరు మార్చాలి, బస్సు మార్చాలి. అవి నేనూ పెన్కా మార్చలేం. మీరు మార్చాలి. జనం మాట వినరని ఇన్నాళ్ళూ అన్నారు. సుద్దగీత మీద నిలబడి విన్నారు. ఇక ఆ సాకు కూడా మీకు లేదు.

ఈ అనుబంధాన్ని కూడా "పరిశీలనలో" పెడతావని తెలుసు. అయినా పంపుతున్నాను.

ఓడిపోని,
రుసానా టీచర్

తా.క. క్రుమ్‌కి నా గ్రాఫు కాగితం తాడు కట్టి కిందికి వదిలాను. చాలాసేపు చూశాడు. "బామ్మా, మా అమ్మ పుట్టిన ఏడు ఏదీ?" అన్నాడు. 1971 చూపించాను. "నేను పుట్టిన ఏడు?" 1997 చూపించాను. రెంటి మధ్యా వేలు పెట్టి కొలిచి, టోపీ సరిచేసుకుని, అరవకుండా వెళ్ళిపోయాడు.

*

గోర్నా రేకా
4 మే 2020

టీచర్,

ఈ ఉత్తరం పురపాలక కాగితం మీద రాయడం లేదు. ఇస్త్రీ చేయక్కర్లేదు, ముద్ర లేదు.

కొంగకీ బంధువుకీ తేడా నాకు తెలుసు టీచర్. మొదటి రోజు నుంచీ తెలుసు.

పదకొండేళ్ళు మీకు "పరిశీలనలో ఉంది" అని రాశాను. నిజానికి ఎక్కడా లేదు. ఒక ముసలి టీచరు రాసుకున్న కొంగల తేదీలు పెట్టడానికి మా దగ్గర ఫైలు లేదు. ఫైలు లేని కాగితానికి నెంబరు రాదు, నెంబరు లేనిది సభ ముందుకు వెళ్ళదు. మీ పదకొండు ఉత్తరాలూ నా సొరుగులో ఉన్నాయి. పారేయలేకపోయాను, పంపలేకపోయాను. మార్చి 19న కొత్త ఫారాలు వచ్చాయి. తిరగేస్తుంటే నాలుగో అనుబంధం కనబడింది: "సదరు వ్యక్తి గతములో వచ్చిన తేదీలు." కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అత్యవసర పత్రం కనుక ఇరవై నాలుగు గంటల్లో నెంబరు వేసి తీరాలి, సభ్యులందరికీ నకలు వెళ్ళి తీరాలి, పక్కన పెట్టే అధికారం మేయరుకి కూడా లేదు. అలాంటి కాగితం నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. విదేశం నుంచి వచ్చేవాడు ఒకడు దొరికితే చాలు. మర్నాడే మీ ఉత్తరం వచ్చింది.

మీకు ముందే చెప్తే ఒప్పుకునేవారు కాదు. అందుకని ఊరికే ప్రశ్నలు అడిగాను, మీరు అన్నిటికీ నిజమే రాశారు. మొత్తం వ్యవహారంలో అబద్ధం ఒక్క టిక్కు. అది నాది. మీకు క్వారంటైన్ వేసింది కూడా నేనే. లేకపోతే మేకల బాట పట్టుకుని ఏరు దాటేసి ఉండేవారు. ఆ నీళ్ళలో ఈ వయసులో ఎందుకని.

30వ తేదీ సభ వ్యాయామశాలలో పెట్టారు, రెండేసి మీటర్ల దూరంలో పదకొండు కుర్చీలు. మీ తేదీలన్నీ పెద్ద కాగితం మీద చుక్కలుగా గీసి గోడకి అంటించాను. పైన పేరు రాయలేదు, కింద ఏళ్ళు రాయలేదు. అది మాత్రం మరపు కాదు. కలప వ్యాపారం చేసే మెతోది లోపలికొస్తూనే మాస్కు కింద నుంచి అరిచాడు.

"ఇదెక్కడిదయ్యా? ఏ జిల్లాది?"

"మనదే," అన్నాను.

"మనదా! ఇంత నిలకడగా ఎక్కుతుంటే ఏం చేస్తున్నారు? మాకెందుకు చెప్పలేదు?"

మేయరు గారు దగ్గరికొచ్చి వేలితో గీత వెంట వెళ్ళారు. రెండు నెలల క్రితం ఆయన చేతికి గ్రాఫు ఇస్తే తలకిందులుగా పట్టుకునేవారు. ఇప్పుడు మంగలి దగ్గర్నుంచి మేయరు దాకా అందరికీ ఏటవాలు చూడటం వచ్చేసింది. "ఇది మొదలైనప్పుడే ఆపి ఉండాల్సింది," అన్నారు. "ఇప్పుడు రోజుకి ఎంత నష్టమో తెలుసా? ఎవరిదీ నిర్లక్ష్యం?"

అప్పుడు కింద ఏళ్ళు రాశాను. 1963 నుంచి 2020 దాకా, ఒక్కొక్కటే. తరవాత పైన పేరు రాశాను. ఎవరూ నవ్వలేదు టీచర్. నవ్వుతారనే అనుకున్నాను, జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. మేయరు గారు ఈ రెండు నెలలూ రోజూ అడిగే ప్రశ్నే అడిగారు: "శిఖరం ఎప్పుడు? ఎప్పటినుంచి దిగుతుంది?"

పదకొండు మంది నావైపు చూశారు.

"దానంతటది దిగదు," అన్నాను. "మనం వంచాలి."

తొమ్మిది ఓట్లు, రెండు వ్యతిరేకం. ఆ రెండింట్లో ఒకాయన కళ్ళజోడుకి మాస్కు ఆవిరి పట్టి ఏ తీర్మానమో కనబడలేదని తరవాత చెప్పాడు. పన్నెండో పేజీ ఇప్పుడు ఇలా ఉంది: "నెంబరు వేసిన పత్రం ప్రకారం దోల్ని మోస్త్ పల్లెలో వసంతం పదమూడు రోజులు ముందుకు జరిగింది. చర్యలు అవసరం." మొదటి చర్య బడి బాయిలరు. చలికాలం లోపు. తేదీ కూడా వేయించాను, ఈసారి "పరిశీలన" అన్న మాట ఎక్కడా లేకుండా చూశాను.

మీ
ల్యూబెన్

తా.క. ఈ పొద్దున ఎనిమిదింటికి మేయరు గారు నా బల్ల దగ్గరికొచ్చారు. "తోంచెవ్, నీ గోడ మీది గీతకి కొత్త చుక్క ఏదీ?" అన్నారు. రోజూ ఒక అంకె అలవాటైపోయింది కదా. వచ్చే మార్చిలో పెడతానన్నాను. "ఏడాదికి ఒక్కటేనా?" అని ఆశ్చర్యపోయి, కాగితం దగ్గరికి నడిచి, ఎడమ చివర నుంచి చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు అని పైకే అంటున్నారు. నలభై దాటాక గొంతు తగ్గింది. యాభై ఎనిమిదో చుక్క మీద వేలు ఉంచి అక్కడే నిలబడిపోయి, రెండో చేత్తో మెల్లగా టోపీ తీశారు.